వద్దు అనడానికి వీలుండాలి

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు, ఒకరోజు ఫిజిక్స్ క్లాసు మధ్యలో ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చి అందరికీ నాలుగు పేజీల ఫారం పంచారు. ఎన్ని సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా డిగ్రీ చదివారా, నాన్న సంపాదన ఎంత, పరీక్షలంటే టెన్షన్ పడతావా, రాత్రి నిద్ర పడుతుందా... ఇలాంటి ప్రశ్నలు. పైన కుడివైపు హాల్‌టికెట్ నంబరు వేయాలి. మా సార్ తలుపు దగ్గరే నిలబడి "అందరూ నింపండి, మీ మంచికే" అన్నారు.

నా పక్కన కూర్చున్న పుంగనూరు అమ్మాయి చాలాసేపు పెన్ను పట్టుకుని ఊరికే కూర్చుంది. తర్వాత గబగబా అన్నిటికీ "లేదు" అని రాసి ఇచ్చేసింది. బయటికొచ్చాక "ఏమ్మే, నీకు మూడు బ్యాక్‌లాగులు ఉండాయి కదా?" అని అడిగాను. "ఆ కాగితం సార్ చూస్తే? ఇంటర్నల్స్ ఆయన చేతిలోనే కదా ఉండేది" అంది.

ఆ పరిశోధన ఆమెను ఏ ఇబ్బందీ లేని విద్యార్థినిగా లెక్కేసుకుని ఉంటుంది. చదువులో సాయం అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్ల, సాయం గురించి చేసిన పరిశోధనలోనే కనబడకుండా పోయింది. నీతి ఒక పక్క, విజ్ఞానం ఒక పక్క అనుకుంటాం గానీ, భయపెట్టి రాబట్టిన జవాబు నీతి పరంగానే కాదు, విజ్ఞానంగా కూడా పనికిరాదు.

తిరుపతి చదువుల ఊరు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో మొదలయ్యాయి. 2015లో ఐఐటీ, సైన్స్ చదువుకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ కూడా వచ్చాయి. పలమనేరు, కుప్పం, మదనపల్లె, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో మొట్టమొదట విశ్వవిద్యాలయం గడప తొక్కినవాళ్లు చాలామంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇక్కడికొచ్చి ఇంగ్లీషు పాఠం ముందు నోరు మెదపలేక కూర్చునేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. వాళ్లకు పాత చదువుకూ కొత్త చదువుకూ మధ్య ఖాళీ పూడ్చే బ్రిడ్జ్ క్లాసులు, సీనియర్లతో చెప్పించే పాఠాలు, కౌన్సెలింగ్ కావాలి. వాటిలో ఏది నిజంగా పనిచేస్తుందో తెలియాలంటే పరిశోధన జరగాలి. జరగాలనే నా కోరిక, అందుకే ఎలా జరగాలన్నది పట్టించుకుంటున్నాను.

మనుషులపై పరిశోధనకు హద్దులు గీసిన న్యూరెంబర్గ్ నియమావళి 1947లో వచ్చింది. పాల్గొనే మనిషి తన ఇష్టపూర్వకంగా ఒప్పుకోవడం తప్పనిసరి అన్నది అందులో మొదటి మాట. ఇవన్నీ మందులకు, ఇంజెక్షన్లకు సంబంధించినవి, ప్రశ్నాపత్రం నింపిస్తే ఏమవుతుంది అని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. కానీ భారత వైద్య పరిశోధన మండలి 2017లో తెచ్చిన నైతిక మార్గదర్శకాలు విద్యార్థులను కూడా ప్రత్యేక రక్షణ అవసరమైనవాళ్లలో చేర్చాయి. విద్యార్థి బలహీనుడని కాదు, ఎదుట ఉన్నవాళ్ల చేతిలో అతని మార్కులు, అటెండెన్సు, రేపటి సిఫారసు ఉత్తరం ఉంటాయి. అలాంటి చోట సంతకం సులభంగా దొరుకుతుంది, ఇష్టం ఉందో లేదో మాత్రం తెలియదు.

పరిశోధన నైతికంగా సరిగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ ముద్ర పడితే చాలనుకోవడం కూడా ప్రమాదమే. 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ జింబార్డో రోజుకు 15 డాలర్లిచ్చి కాలేజీ కుర్రాళ్లతో ఉత్తుత్తి జైలు నడిపించాడు. రెండు వారాలు అనుకున్నది, పిల్లలు మానసికంగా చితికిపోతుంటే ఆరు రోజులకే ఆపేయాల్సి వచ్చింది. ఆ ప్రయోగానికి విశ్వవిద్యాలయం కమిటీ అనుమతి ఉంది.

మరి ఏం చేయాలి? నా అనుభవంలో పనిచేసినవి చాలా మామూలు పనులు. ఫారం పంచేది పాఠం చెప్పేవాళ్లు కాకూడదు. పంచేటప్పుడు టీచరు గదిలో ఉండకూడదు. ఇష్టం లేనివాళ్లు ఖాళీ ఫారమే మడిచి అదే పెట్టెలో వేయొచ్చు, అప్పుడు ఎవరు రాశారో ఎవరు రాయలేదో పక్క బెంచీకి కూడా తెలియదు. మార్కులు అప్‌లోడ్ అయ్యేదాకా ఆ పెట్టె మాస్టారి చేతికి వెళ్లకూడదు. ఒప్పుకోలు పత్రం తెలుగులో ఉండాలి. అది చేతికిచ్చిన రోజే సంతకం అడక్కుండా రెండు రోజులు టైమివ్వాలి. మొదటి సంవత్సరంలో ఇంకా 18 నిండని పిల్లలు ఉంటారు. వాళ్ల విషయంలో అమ్మానాన్నల అనుమతి, దాంతోపాటు ఆ పిల్లల ఒప్పుకోలు, రెండూ కావాలి. టమోటా మండీలో ఉన్న తండ్రికి ఇంగ్లీషు ఫారం వాట్సాప్‌లో పంపి వేలిముద్ర ఫొటో తెప్పించుకుంటే దాన్ని అనుమతి అనలేం.

పేరు దాచడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, అందరూ తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. "తిరుపతిలోని ఒక మహిళా విశ్వవిద్యాలయం" అని థీసిస్‌లో రాసి, పేరు దాచామనుకుంటారు. ఆటో అన్నను అడిగినా అదేదో చెప్తాడు. ఆపైన "చూపు లేని, కుప్పం ప్రాంతపు, ఎమ్మెస్సీ రెండో ఏడాది విద్యార్థిని" అని రాస్తే ఇక పేరు రాయకపోయినా ఒకటే. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక కాలేజీలో ఒకే ఏడాది చేరిన విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను, కాలేజీ పేరు తీసేసి, బయటపెట్టారు. ఆ విద్యార్థుల అనుమతి అడగలేదు. ఎంతమంది చేరారన్న లెక్క, మరెక్కడా లేని కొన్ని కోర్సుల పేర్లు పట్టుకుని అది హార్వర్డ్ అని కొద్ది రోజుల్లోనే గుర్తుపట్టేశారు. కాబట్టి ఊరు, కోర్సు, కులం, వైకల్యం లాంటివి ఒక్కొక్కటీ విడిగా చూస్తే చాలదు. అన్నీ కలిపితే ఎంతమంది మిగులుతారో లెక్క చూసుకోవాలి. ఒక్కరో ఇద్దరో మిగిలితే ఆ వివరం కలిపేయాలి, లేదా వదిలేయాలి.

"వీక్ స్టూడెంట్స్" అని నోటీసు బోర్డులో లిస్టు పెట్టి, వాళ్లకు ప్రత్యేక తరగతులు పెట్టి, వాళ్లనే పరిశోధించడం ఇంకో అలవాటు. ఆ లిస్టులో పేరు చూసుకున్న పిల్ల మొహం ఎలా ఉంటుందో చూసినవాళ్లెవరూ మళ్లీ ఆ పని చేయరు. 1973లో కాన్సాస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో డియానా మార్టిన్ మొదలుపెట్టిన పద్ధతి నాకు అందుకే నచ్చుతుంది. వాళ్లు వెనకబడిన విద్యార్థులను వెతకలేదు, ఎక్కువమంది తప్పుతున్న సబ్జెక్టులను వెతికారు. ఆ సబ్జెక్టు పాసైన సీనియరు వారం వారం కూర్చుని చెప్తాడు, ఎవరైనా రావొచ్చు. వచ్చినంత మాత్రాన ఎవరిమీదా ముద్ర పడదు. ఇలా ఇష్టంతో వచ్చేవాళ్లు ముందే కొంచెం పట్టుదల ఉన్నవాళ్లై ఉంటారు కాబట్టి, రానివాళ్లతో మార్కులు పోల్చి "మా క్లాసుల వల్లే" అని చెప్పుకోవడం సరికాదు. సగం మందికి సాయం ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా పోల్చాలనుకుంటే, రెండో సగానికి వచ్చే సెమిస్టర్‌లో తప్పకుండా ఇస్తామని ముందే చెప్పి, ఇవ్వాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒప్పుకున్నంత సులభంగానే ఒప్పుకోలును వెనక్కి తీసుకునే వీలుండాలంటుంది. పరిశోధనకు అందులో కొంత మినహాయింపు ఉంది, అయితే ఆ డేటాతో ఫలానా మనిషి గురించి నిర్ణయం తీసుకోనంతవరకే. అటెండెన్సు లెక్కలు పరిశోధన కోసమని తీసుకుని, వాటిని చూసి ఒక అబ్బాయి నాన్నను కాలేజీకి పిలిపిస్తే ఆ గీత దాటినట్టే.

ఒక్క చోట మాత్రం రహస్యం ఉంచుతామని మాటివ్వకూడదు. చదువు ఒత్తిడి గురించి అడుగుతుంటే ఎవరో ఒకరు "బతకాలని లేదు మేడం" అంటారు. అప్పుడు పెన్ను పక్కన పెట్టేయాలి. ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఇంకొకరికి చెప్తామని మొదటి పేజీలోనే రాయాలి, ఎవరికి చెప్తామో కూడా రాయాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 పిల్లల చేతికిచ్చే కాగితం మీద ఉండాలి.

నేను ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు కొందరు విద్యార్థులకు ఇంగ్లీషు పాఠ్యపుస్తకం చదవడంలో సాయం చేస్తున్నాను. అది ఎంతవరకు ఉపయోగపడుతోందో తెలుసుకోవడానికి వాళ్లతో మాట్లాడి రికార్డు చేస్తున్నాను. మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, నేను మా నాన్న తాగుడు గురించి చెప్పినాను కదా. అది వద్దు మేడం, తీసేయండి" అంది. ఎందుకని అడగలేదు. ఆ భాగం మాత్రమే తీయాలా, మొత్తం తీయాలా అని అడిగాను. కాసేపు ఆలోచించి "మొత్తం" అంది. ఆమె ఇంకా లైన్‌లో ఉండగానే ఆ రికార్డింగు చెరిపేసి, చెరిపేశానని చెప్పాను.

ఆ వారం ఆమె క్లాసుకు వస్తుందో రాదో అని కొంచెం బెంగగానే ఉంది. ఎప్పటిలాగే ఐదింటికి వచ్చింది. పాఠంలో తనకు అర్థం కాని వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసుకుని మరీ తెచ్చింది.