ఆగి ఉన్న రోబోతోనే ఎక్కువ జాగ్రత్త: విద్యార్థి రోబోల గురించి అపోహలు - వాస్తవాలు

స్కూళ్లలో, ఇంజినీరింగ్ కాలేజీల్లో పిల్లలకు రోబోటిక్స్ నేర్పడం నా పని. 2016లో స్కూళ్లలో ప్రయోగశాలలు పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం వచ్చాక ఆరో తరగతి పిల్లల చేతికి కూడా మోటార్లు, బ్యాటరీలు, సోల్డరింగ్ ఐరన్లు వచ్చాయి. రావాలి కూడా. కానీ జాగ్రత్తలన్నీ పోటీ రోజుకే గుర్తొస్తున్నాయి. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం బల్ల దగ్గర తగిలినవే. బ్యాటరీ పెట్టేటప్పుడు, వైరు మార్చేటప్పుడు, కోడ్ ఎక్కించేటప్పుడు, అంటే రోబో ఆగి ఉందని అందరూ ధీమాగా ఉన్నప్పుడే తగిలాయి.

అపోహ: 12 వోల్టులే కదా, ఏం చేస్తుంది?

షాక్ కొట్టదు, నిజమే. పొడి చర్మం మీద 12 వోల్టులు తెలియను కూడా తెలియవు. అయితే చూడాల్సింది వోల్టులు కాదు, ఆ బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదన్నది. మూడు సెల్స్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్ మీద 2200 ఎంఏహెచ్, 25సి అని రాసి ఉందనుకుందాం. 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) అంటే 2.2 ఆంపియర్ అవర్, 25సి అంటే ఆ అంకెకు 25 రెట్ల కరెంటు. 2.2ని 25తో గుణిస్తే 55 ఆంపియర్లు. అంత కరెంటు ఆగకుండా ఇవ్వగలనని ఆ బ్యాటరీ చెబుతోంది. షార్ట్ అయితే ఇంకా ఎక్కువ వస్తుంది. ఇంట్లో గీజర్ పెట్టే ప్లగ్గు కూడా 16 ఆంపియర్లదే. సన్నటి జంపర్ వైరు ఆ ధాటికి క్షణాల్లో కాలి, కరిగిన ప్లాస్టిక్ వేలికి అంటుకుపోతుంది. ఉంగరమో, స్టీలు కడియమో రెండు టెర్మినళ్లకు అడ్డంగా తగిలితే అది కూడా అలాగే కాలుతుంది, ఈసారి వేలు దాని లోపలే ఉంటుంది.

అందుకే పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, కడియాలు తీయిస్తాను. బ్యాటరీ ప్లస్ వైరు మీద ఫ్యూజు పెట్టిస్తాను, అదీ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. ఫ్యూజు దూరంగా ఉంటే, దానికీ బ్యాటరీకీ మధ్యలో వైరు షార్ట్ అయినప్పుడు అది ఉన్నా లేనట్టే.

అపోహ: బ్యాటరీ కాస్త ఉబ్బింది అంతే, పోటీ అయ్యేదాకా లాగించేద్దాం.

దీని మీద నాకు రాజీ లేదు. లోపలి రసాయనం చెడి గ్యాస్ పుడితేనే ఆ ప్యాక్ ఉబ్బుతుంది. ఇక దాన్ని ఛార్జ్ చేయకూడదు, వాడకూడదు. సూదితో గుచ్చి గ్యాస్ తీసేస్తే సరిపోతుందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి వినకండి. గుచ్చితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంట లేస్తుంది. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులుంటాయి. పొగ వచ్చిందంటే ముందు పిల్లలందరినీ బయటికి పంపాలి. మిగతా సంగతి తర్వాత.

అసలు ఉబ్బేదాకా రానివ్వకుండా చూసుకోవచ్చు. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టుల కంటే కిందికి దిగకూడదు. వారాల తరబడి పక్కన పెట్టేటట్టయితే 3.8 దగ్గర ఉంచాలి. అన్ని సెల్స్‌నూ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్‌తోనే ఛార్జ్ చేయాలి, 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు మించకుండా. హాస్టల్ గదిలో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, దాని పక్కనే పడుకునే అలవాటు వెంటనే మానాలి. మన ఎండల సంగతి కూడా మరిచిపోవద్దు. సాధారణంగా లిపోను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో ఎండలో నిలిపిన బైకు డిక్కీ లోపల అంతకంటే వేడిగా ఉంటుంది. అందులోంచి తీసిన బ్యాటరీ చల్లారాకే ఛార్జర్ దగ్గరికి వెళ్లాలి.

అపోహ: యాప్‌లో స్టాప్ బటన్ ఉంది, చాలు.

బ్లూటూత్ కారు చేసిన ప్రతి పిల్లవాడికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ‘ముందుకు’ అని కమాండ్ వెళ్లాక కనెక్షన్ తెగితే రోబో అదే కమాండ్ పట్టుకుని గోడ దాకా పోతుంది. అర సెకను పాటు కొత్త కమాండ్ రాకపోతే మోటార్లు ఆగిపోవాలని కోడ్‌లోనే రాయాలి. ఆ కోడ్ కూడా ఎక్కడో చిక్కుకుపోవచ్చు కాబట్టి, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును నేరుగా తెంపే స్విచ్ ఒకటి రోబో పైన, చేతికి అందేలా ఉండాలి. చక్రాల మధ్యకు వేలు పెట్టి వెతుక్కునే స్విచ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇంకో సంగతి. రోబోను నడిపే కంట్రోలర్ బోర్డు రీసెట్ అయినప్పుడు, కోడ్ ఎక్కుతున్నప్పుడు మోటార్లకు సంకేతాలిచ్చే పిన్నులు కాసేపు ఎవరి అదుపులోనూ ఉండవు. ఆ క్షణంలో మోటారు ఒక్కసారిగా తిరగొచ్చు. అందుకే అప్‌లోడ్ చేసే ముందు రోబోను చెక్క దిమ్మ మీద పెట్టి చక్రాలు గాల్లో ఉండేలా చూస్తాం. బ్యాటరీ తీసేసినా యూఎస్‌బీ కేబుల్ ఉంటే బోర్డుకు కరెంటు వస్తూనే ఉంటుంది, సర్వో మోటారు కదులుతుంది. రిపేరు చేసేటప్పుడు రెండూ తీయాలి.

అపోహ: గ్లౌజులు వేసుకుంటే ఎప్పుడూ మంచిదే.

రేకు అంచులు పట్టుకునేటప్పుడు మంచిదే. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర మాత్రం వద్దు. తిరిగే బిట్‌కు గ్లౌజు చుట్టుకుంటే చేయి కూడా దానితోపాటే పోతుంది. చున్నీ, వదులు జడ, ఐడీ కార్డు ట్యాగు, చేతికి కట్టుకున్న దారాలు కూడా అంతే. దారం తీయడం ఇష్టం లేని పిల్లలను బలవంతపెట్టను. ఆ ఒక్క పని ఇంకొకరితో చేయిస్తాను.

అపోహ: సోల్డరింగ్ పొగలో సీసం ఉంటుంది.

ఐరన్ మొన 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. సీసం ఆవిరిగా మారాలంటే ఆ వేడి ఏ మూలకూ చాలదు. ఆ పొగ ఫ్లక్స్‌ది, అంటే సోల్డర్ బాగా అతుక్కోవడానికి వాడే పదార్థానిది. అదీ మంచిది కాదు, ఆస్తమా ఉన్న పిల్లలకు మరీను. పొగను పక్కకు లాగేలా ఫ్యాను పెట్టాలి. సీసం వచ్చేది చేతుల నుంచి. సోల్డర్ తీగ పట్టుకున్న చేత్తోనే సమోసా తింటే నేరుగా కడుపులోకి పోతుంది. సబ్బుతో కడుక్కోనిదే ల్యాబ్ దాటనివ్వకండి.

అపోహ: రోబోవార్ (రోబోలు తలపడే పోటీ) ఆయుధం ఆగిపోయింది, రిమోట్ కూడా ఆఫ్ చేశాం, ఇక భయం లేదు.

రిమోట్ ఆపడం వేరు, రోబో ఆపడం వేరు. ఆన్ చేసేటప్పుడు రిమోట్ ముందు, రోబో తర్వాత. ఆపేటప్పుడు రోబో ముందు, రిమోట్ చివర. ఆయుధం కదలకుండా అడ్డంగా దూర్చే లాక్ పిన్ను అరీనాలో దించాకే తీయాలి, మ్యాచ్ అవ్వగానే రోబోను ఎత్తే ముందే మళ్లీ పెట్టాలి. వేగం రెట్టింపైతే తిరిగే బ్లేడులోని శక్తి నాలుగు రెట్లవుతుంది. నెమ్మదిగా తిప్పి చూసి బాగానే ఉందనుకుంటే చాలదు.

టెస్టింగ్ బోనుకు యాక్రిలిక్ షీటు వద్దు. దెబ్బకు పగిలి ముక్కలు ఎగురుతాయి. పాలికార్బనేట్ అయితే ఎక్కువగా వంగి తట్టుకుంటుంది. షాపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి సన్నటి ముక్క ఒకటి అడిగి, సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకుని పట్టకారుతో వంచి చూడండి. రోజూ పెట్టుకునే కళ్లజోడు చాలదు, పక్కలనుంచి ముక్కలు లోపలికి వస్తాయి. వంగితే కొనండి, పుటుక్కున విరిగితే వదిలేయండి.