తైవాన్ పంపుకు ఏ పెట్రోలు పోయాలి?

పోయిన సీజన్‌లో చేలో పురుగుమందు కొట్టి కొట్టంలో పడేసిన తైవాన్ పంపు (పెట్రోలుతో నడిచే స్ప్రేయర్) ఈసారి ఎంత తాడు లాగినా స్టార్ట్ కాలేదు. మెకానిక్ ట్యాంకులో మిగిలింది గాజు సీసాలోకి వంచాడు. పైన ఆయిల్ కలిసిన పెట్రోలు, అడుగున నీళ్లలాంటి పొర. కార్బరేటర్ విప్పితే జిగురు, గట్టిపడిన రబ్బరు. "పెట్రోలు ఎన్నాళ్లుంచారండీ?" అన్నాడు.

ఆ అడుగు పొరకు మూలం పెట్రోల్లో కలిపే ఇథనాల్, అంటే చెరకు, ధాన్యం లాంటివాటి నుంచి తీసే ఆల్కహాల్. మన పెట్రోల్లో అది నిన్నమొన్న వచ్చింది కాదు. 2003 జనవరిలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల్లో 5 శాతం కలపాలన్నారు. ఆచరణలో నత్తనడకే. 2013-14లో దేశం మొత్తమ్మీద కలిసింది ఒకటిన్నర శాతం. 2018 జాతీయ జీవ ఇంధన విధానం ఇథనాల్ తయారీకి పాడైన ధాన్యాన్ని కూడా వాడుకోనిచ్చాక ఊపందుకుంది. 2022 జూన్‌కి 10 శాతం, 2025కి 20 శాతం. ఆ 20 శాతానికి అసలు గడువు 2030.

ఈ 20 శాతం మీద గొడవంతా కార్లు, బైకుల మైలేజీ గురించే నడిచింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గడ్డి కోసే మెషిన్లు, రంపాలు, స్ప్రేయర్ల ఊసు పెద్దగా రాలేదు.

నిజానికి ఇబ్బంది వీటికే ఎక్కువ. కొత్త కార్లో సెన్సర్ చూసుకుని పెట్రోలు పెంచుతుంది. ఈ మెషిన్లలో ఉండేది చిన్న కార్బరేటర్ ఒక్కటే. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ తెచ్చుకుంటుంది కాబట్టి, అదే జెట్‌తో (కార్బరేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) నడిపితే గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. పైగా అది తేమను పీల్చుకుంటుంది. 20 శాతం ఉన్నది 10 శాతం దానికన్నా ఎక్కువ నీటిని కలుపుకోగలదు, ఆ మాటా ఒప్పుకోవాలి. కానీ మోతాదు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి. పిస్టన్ అరగకుండా పెట్రోల్లో కలిపే టూ స్ట్రోక్ ఆయిల్ పైనే ఉండిపోతుంది. ట్యాంకులో పైపు లాగేది అడుగు నుంచే. ఆయిల్ అందని పిస్టన్ పట్టేయడానికి ఎంతసేపు?

అమెరికాలో 2010-11లో 15 శాతం ఇథనాల్‌కి అనుమతిచ్చినప్పుడు 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే ఇచ్చారు. చిన్న ఇంజిన్లకు, పడవలకు, మోటార్‌సైకిళ్లకు వాడకూడదని బంకుల్లో స్టిక్కర్లు అంటించారు. మన ఊరి బంకులో ఉన్నది ఒకే రకం పెట్రోలు.

మెకానిక్ మాత్రం పని కానిచ్చి, "సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి" అని 600 తీసుకున్నాడు.