నడుం నొప్పి: 'టక్' శబ్దం మీద నమ్మకం, వ్యాయామం మీద భయం

అపోహ: వెన్నుపూస పక్కకు జరిగింది. చేతులతో నొక్కి 'టక్'మనిపిస్తే మళ్ళీ చోటులో కూర్చుంటుంది.

వాస్తవం: నడుం పట్టేసినంత మాత్రాన పూసలు జరగవు. గట్టి స్నాయువులు (లిగమెంట్లు), కండరాలు వాటిని బిగించి ఉంచుతాయి. ఆ శబ్దం కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి చప్పున తగ్గి వాయువు బుడగ ఏర్పడటం వల్ల వచ్చేది. మెటికలు విరిచినప్పుడు వినిపించేదీ అదే. శబ్దం రాకపోయినా చికిత్స పనిచేయవచ్చు, వచ్చినంత మాత్రాన పనిచేసినట్టూ కాదు.

1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ కైరోప్రాక్టిక్ (చేతులతో వెన్నుపూసలను నొక్కి, కుదిపే చికిత్స) మొదలుపెట్టినప్పుడు, రోగాలకు మూలం జరిగిన పూసలేనన్నాడు. ఆ వాదన నిలబడలేదు. చేతి చికిత్స నిలిచింది. దానివల్ల కండరాల బిగువు సడలుతుంది, నొప్పి కొన్నాళ్ళు తగ్గుతుంది, వంగడం సులువవుతుంది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగినవాటిలో కాపడం, మర్దనలతో పాటు దీన్నీ చేర్చింది. అలా నొప్పి తగ్గి ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే వ్యాయామం మొదలుపెట్టాలి. పడుకుని గడిపేస్తే నొప్పి తిరిగొస్తుంది. నాలుగైదు సార్లు చేయించుకున్నా తేడా తెలియకపోతే అదే చికిత్స కొనసాగించకండి. ఏడాది ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే వద్దనండి.

అపోహ: ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుంది.

వాస్తవం: నడుం పట్టు చాలామందికి కొద్ది రోజుల్లో, కొందరికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం తొక్కినవాళ్ళకు దక్కుతుంది. ఎముకలు గుల్లబారిన పెద్దావిడ నడుం మీద ఎవరైనా కాలు వేస్తే పూస నలిగి విరగొచ్చు. దయచేసి ఇంట్లో ఎవరినీ తొక్కనివ్వకండి.

అపోహ: నొప్పి పోయేదాకా మంచం దిగకూడదు, అదీ చెక్కబల్ల మీదే పడుకోవాలి.

మరీ కదల్లేకపోతే ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు. ఆ తర్వాత గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి. పరుపు సంగతికొస్తే, స్పెయిన్‌లో 313 మంది మీద జరిపి 2003లో ప్రచురించిన పరీక్షలో బాగా గట్టి పరుపుకంటే మధ్యరకం గట్టిదే మేలనిపించింది.

అపోహ: ఎంఆర్ఐలో డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బింది కాబట్టి ఇక బరువెత్తకూడదు.

వాస్తవం: నొప్పే లేని 3,110 మంది స్కాన్లను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, 20 ఏళ్ళవాళ్ళలో 30 శాతానికి, 50 ఏళ్ళవాళ్ళలో 60 శాతానికి డిస్క్ ఉబ్బు కనిపించింది. అంటే చాలామందిలో అది వయసుతో వచ్చే మార్పే. రిపోర్టు ఒక్కటే చూసి భయపడకండి, మీ లక్షణాలతో సరిపోలుతుందో లేదో డాక్టర్‌ని అడగండి. కాలికి పాకే నొప్పి తెచ్చే డిస్కులు కూడా చాలావరకు నెలల్లో తమంతట తామే కుంచించుకుపోతాయి.

అపోహ: పొద్దున్నే లేచి సూర్యనమస్కారాలు, సిట్-అప్‌లు చేస్తే నడుం గట్టిపడుతుంది.

వాస్తవం: రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేవగానే ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి పగటికంటే బాగా ఎక్కువ. వాకిలి ఊడ్చి, నడుం వంచి ముగ్గేసేటప్పుడు పట్టేయడానికి ఇదీ ఒక కారణం. నొప్పి ఉన్నన్నాళ్ళు లేచిన గంటదాకా వంగే పనులు ఆపండి. ముగ్గు పీట మీద కూర్చుని వేయండి.

సిట్-అప్‌లకు బదులు, కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యుడు స్టువర్ట్ మెక్‌గిల్ ప్రాచుర్యంలోకి తెచ్చిన వ్యాయామాల్లో ఒకటి ఇలా చేయండి. చాప మీద చేతులు, మోకాళ్ళు ఆనించండి. మణికట్లు భుజాల కింద, మోకాళ్ళు తుంటి కింద ఉండాలి. కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కు చాపి 8 నుంచి 10 సెకన్లు ఆగండి. మొదటి విడతలో ఒక్కోవైపు 6 సార్లు, తర్వాత 4, ఆఖరున 2. చాలామంది కాలును తుంటికంటే పైకెత్తేస్తారు. అప్పుడు నడుం లోపలికి వంగి నొప్పి రేగుతుంది. నడుం మీద చిన్న పుస్తకం పెట్టుకుని చేయండి. అది జారిందంటే తుంటి తిరుగుతోందన్నమాట, కాలు కాస్త దించండి. ఊపిరి బిగబట్టకండి.

చేసేటప్పుడు కొద్దిగా నొప్పి పుట్టి మర్నాటికి తగ్గితే ఫర్వాలేదు. పిక్కలో ఉన్న నొప్పి పైకి, నడుం దగ్గరికి వస్తుంటే మంచి సూచన, నడుం కాస్త ఎక్కువ నొప్పెట్టినా సరే. నడుంలోది కాలికి దిగుతుంటే ఆ వ్యాయామం ఆపాలి.

నడకను చిన్నచూపు చూడకండి. 701 మంది ఆస్ట్రేలియన్ల మీద చేసి 2024లో ప్రచురించిన పరీక్షలో కొందరు ఫిజియో సలహాతో క్రమంగా పెంచుకుంటూ వారానికి 5 సార్లు, 30 నిమిషాలదాకా నడిచారు. వాళ్ళలో సగం మందికి నొప్పి మళ్ళీ రావడానికి పట్టిన కాలం 208 రోజులు, మిగతావాళ్ళలో సగం మందికి 112.

అపోహ: చేతి చికిత్సే కదా, ఎవరికైనా చేయొచ్చు.

ఎముకలు గుల్లబారినవాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు, క్యాన్సర్ ఉన్నవాళ్ళకు పూసల మీద గట్టి కుదుపు ఇవ్వకూడదు. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి ఆగని నొప్పి కలిసి ఉంటే మన దగ్గర వెన్నెముక క్షయ ఉందేమో ముందు చూడాలి. మెడను విసురుగా తిప్పితే అరుదుగానైనా రక్తనాళం చీలి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. నడుం నొప్పి కోసం మెడ తిప్పించుకోవాల్సిన పనే లేదు.

మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపల మొద్దుబారడం, పాదం ఎత్తలేకపోవడం, వీటిలో ఏది మొదలైనా వ్యాయామమూ వద్దు, మర్దనా వద్దు. అదే రోజు, రాత్రయినా సరే, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.