గడప లోపల నడిచిన బడి

2001 చివర్లో తాలిబాన్ ప్రభుత్వం కూలాక అఫ్గాన్ ఆడవాళ్ళకు చదువు నేర్పాలని లోకమంతా మాట్లాడింది. అప్పుడే పుట్టిన పనిలా అనిపించింది గానీ, ఆ తగువు అప్పటికే ఎనభై ఏళ్ళ నాటిది.

1921లో రాజు అమానుల్లా, రాణి సొరయాల కాలంలో కాబూల్‌లో ఆడపిల్లలకు బడి తెరిచారు. 1928 చివర్లో తిరుగుబాటు వచ్చింది, 1929లో రాజు గద్దె దిగాడు, బడి మూతపడింది. తర్వాత పట్నాల్లో బడులు మళ్ళీ లేచాయి. పల్లెకు మాత్రం చేరింది తక్కువే.

అసలు గాయం 1978 నాటిది. ఆ ఏప్రిల్‌లో గద్దెనెక్కిన కమ్యూనిస్టులు పెద్దవాళ్ళందరికీ, ఆడవాళ్ళతో సహా, అక్షరాలు నేర్పాలని పూనుకున్నారు. కోరిక మంచిదే. కానీ ఊరి పెద్దలను అడగలేదు, ఇంటివాళ్ళను ఒప్పించలేదు. తరగతికి రావాలని ఒత్తిడి పెట్టారు, పాఠంలో పార్టీ మాటలు కలిపారు. 1979 మార్చిలో దేశపు పడమటి పట్నం హెరాత్ తిరగబడింది. ఆ కోపానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఈ తరగతులూ ఒకటి. డిసెంబరులో సోవియట్ సైన్యం దిగింది. ఆడవాళ్ళ చదువంటే పరాయివాళ్ళ పని అన్న ముద్ర పడిపోయింది. బాంబులు కూల్చిన బడిని మళ్ళీ కట్టుకోవచ్చు. ఈ ముద్రను చెరపడం అంతకన్నా కష్టమని నా నమ్మకం.

దారి చూపింది ఆడవాళ్ళే. తాలిబాన్ తొలి ఏలుబడిలో హెరాత్‌లో కుట్టుపని నేర్చుకోవడానికని వెళ్ళి, ఆ గదిలో సాహిత్యం చదువుకున్నారు. హెరాత్‌లోనే పుట్టిన సకీనా యాకూబీ 1995లో స్థాపించిన సంస్థ ఇళ్ళలో రహస్యంగా బడులు నడిపింది. చెప్పే మనిషి తెలిసిన ఆడమనిషి అయితే, బడి నాలుగిళ్ళ అవతలే ఉంటే ఇంట్లోవాళ్ళు పంపారు.

యుద్ధం మిగిల్చిన వితంతువుకు ఈ చదువు అలంకారం కాదు. మందు చీటీ చదవాలి, వేలిముద్ర వేసే ముందు కాగితంలో ఏముందో తెలియాలి. 2008లో యునెస్కో, జపాన్ నిధులతో, అక్షరాస్యతా కార్యక్రమం మొదలుపెట్టింది. లక్షల మంది చేరారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. అయినా 2011 అంచనాల్లో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు 100కి 20 మంది కూడా లేరు. మగవాళ్ళలో 45 మంది.

2021 ఆగస్టులో తాలిబాన్ తిరిగొచ్చారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు, 2022 డిసెంబరు నుంచి విశ్వవిద్యాలయమూ లేదు. పాఠం మళ్ళీ ఇళ్ళలో, తలుపులు మూసిన గదుల్లో నడుస్తోంది.