వెన్నెముక టీబీ: మన జిల్లాలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

శ్రీకాకుళంలో న్యూరోసర్జన్‌గా నా దగ్గరికి వచ్చే నడుం నొప్పుల్లో ఎక్కువ భాగం డిస్కు, కండరాల బాధలే. నన్ను కలవరపెట్టేది వెన్నెముకకి పట్టే ఇన్‌ఫెక్షన్, అందులోనూ టీబీ. మందులతో నయమయ్యే జబ్బే. ఆలస్యమైతే కాళ్లు చచ్చుబడతాయి. ఆ ఆలస్యానికి కారణమయ్యే మాటలు రోజూ వింటున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: దగ్గు లేదు కదా, టీబీ ఎలా అవుతుంది?

క్రిమి సాధారణంగా ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో కలిసి వెన్నుపూసకి చేరుతుంది. చాలామందికి దగ్గే ఉండదు. ఎముకలకొచ్చే టీబీలో సుమారు సగం వెన్నెముకదే. వెన్ను వంగి కాళ్లు పడిపోయే ఈ జబ్బుని లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ 1779లోనే వర్ణించాడు.

అపోహ: ఊడ్పులకెళ్తే నడుం పట్టేసింది, తొక్కిస్తే పోతుంది.

'తొక్కించీసినాను బాబూ, తగ్గనేదు' అనే మాట నాకు బాగా అలవాటు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. పని నొప్పి విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. ఇన్‌ఫెక్షన్ నొప్పి పడుకున్నా వదలదు, రాత్రుళ్లు నిద్ర లేపుతుంది, వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది. దానికి తోడు సాయంత్రం జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం ఉండొచ్చు. అయితే జ్వరం లేనంత మాత్రాన ధైర్యపడకండి. లోపల చితికిన పూస మీద కాలు పెట్టి తొక్కితే వెన్నుపాము నలిగిపోవచ్చు. నడకలో తూలుతున్నా, కాళ్లు బరువెక్కినా, మూత్రం బిగుసుకున్నా ఆ రోజే ఆసుపత్రికి రండి.

ఊళ్లో వేయించుకునే నొప్పి ఇంజెక్షన్ల గురించీ చెప్పాలి. అందులో స్టిరాయిడ్ ఉంటే నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, లోపల క్రిమి మాత్రం బలపడుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకి ఇంకో ముప్పు: నొప్పి మందులు కిడ్నీలని ఇంకా దెబ్బతీస్తాయి.

అపోహ: ఎక్స్‌రే బాగానే ఉందన్నారు.

ఎముకలో ఖనిజం మూడో వంతైనా తరగనిదే ఎక్స్‌రేలో మార్పు కనబడదు. అనుమానం ఉంటే ఎమ్మారై తీయాల్సిందే.

అపోహ: ఎమ్మారైలో ఇన్‌ఫెక్షన్ తేలింది, ఇక టీబీ మందులు మొదలెట్టేయడమే.

నేను గట్టిగా వాదించేది ఇక్కడే. వెన్నులో చీము ఉన్నంత మాత్రాన అది టీబీ కాదు. పలాస, సోంపేట వైపు నుంచి వచ్చే డయాలసిస్ రోగుల్లో, షుగర్ ఉన్నవాళ్లలో స్టెఫైలోకాకస్ లాంటి మామూలు చీము క్రిములు రక్తం ద్వారా వెన్నుకి చేరే ప్రమాదం ఎక్కువ. పచ్చిపాల వల్ల వచ్చే బ్రూసెల్లా అనే క్రిమి కూడా ఇలాగే కనిపిస్తుంది. మూడింటికీ వైద్యం వేరు. అందుకే వీలైనంతవరకు మందులకు ముందే స్కానింగ్ చూస్తూ సూదితో ముక్క తీసి పరీక్షకి పంపుతాం. సీబీనాట్ యంత్రం దాదాపు రెండు గంటల్లో టీబీ క్రిమినీ, అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ముక్క తీయడానికి భయపడి వద్దనకండి.

అపోహ: గజ్జల్లో గడ్డే కదా, కోయించేస్తే సరి.

నడుంలో పుట్టిన టీబీ చీము కండరం వెంట జారి గజ్జల్లో తేలుతుంది. వేడి ఉండదు, ఎరుపు ఉండదు. వెన్ను చూడకుండా దాన్ని కోస్తే మానని పుండుగా మిగిలిపోవచ్చు.

అపోహ: వెన్నెముక ఆపరేషన్ చేస్తే కాళ్లు పోతాయి.

అసలు చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు. మద్రాసులో జరిగిన పరిశోధనలో, నడుస్తూ తిరుగుతూ మందులు మాత్రమే వాడినవాళ్లలోనూ అత్యధికులు కోలుకున్నారు. మందులతో మొదలుపెట్టి, అవసరమైనవాళ్లకే కత్తి పట్టే 'మధ్యేమార్గం' ఫలితాలను ఎముకల సర్జన్ డాక్టర్ ఎస్.ఎం. తులి 1975లో ప్రచురించారు. మేం ఇప్పటికీ నడిచేది ఆ దారిలోనే. కాళ్ల బలం తగ్గిపోతుంటే, వెన్ను నిలకడ తప్పి వంగిపోతుంటే, మందులకు లొంగకపోతే ఆపరేషన్ చేస్తాం. అప్పుడు వాయిదా వేస్తేనే కాళ్లకి ముప్పు.

అపోహ: నొప్పి పోయింది, మాత్రలు ఆపేయొచ్చు.

నొప్పి వారాల్లో తగ్గొచ్చు, కోర్సు మాత్రం సాధారణంగా 12 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, దానికి కంగారుపడి మానేయకండి. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా మాత్రం వెంటనే చెప్పండి. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. పోషణ కోసం నెలనెలా ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి 1000 రూపాయలైంది, పేరు నమోదయ్యేలా చూసుకోండి.

ఊపిరితిత్తుల్లో టీబీ లేకపోతే వెన్ను టీబీ పక్కవాళ్లకి అంటదు. కంచం, మంచం వేరు చేయక్కర్లేదు.