ఐజీఎస్టీ అంతా ఢిల్లీకేనా? అపోహలు - వాస్తవాలు

2017 జులైలో జీఎస్టీ వచ్చిన కాడి నుంచి తిరుపతిలో షాపులకి, హోటళ్లకి రిటర్న్‌లు వేస్తా ఉన్నా. ఇన్నేళ్లైనా కొన్ని మాటలు మాత్రం పోలేదు.

అపోహ: బిల్లులో ఐజీఎస్టీ (ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మినప్పుడు పడే జీఎస్టీ) అని ఉంటే ఆ డబ్బు కేంద్రానిదే, మన రాష్ట్రానికి పైసా రాదు.

వాస్తవం: వసూలు చేసేది కేంద్రమే, కానీ సరుకు చివరికి ఎక్కడ అమ్ముడుపోతే ఆ రాష్ట్రానికి వాటా రావాల్సిందే. ఇక్కడి టైల్స్ షాపాయన గుజరాత్‌లోని మోర్బీ నుంచి లక్ష రూపాయల సరుకు తెప్పించాడనుకోండి, 18 శాతం లెక్కన ఐజీఎస్టీ 18,000. దాన్నే లోకల్‌గా లక్షా ఇరవై వేలకి అమ్మితే కేంద్రం వాటా సీజీఎస్టీ 10,800, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 10,800 పడుతుంది. కొన్నప్పుడు కట్టిన ఆ 18,000ని క్రెడిట్ అంటారు, అమ్మకం పన్నులో తగ్గించుకోవచ్చు. ఆ క్రెడిట్‌లో 10,800 సీజీఎస్టీకి పోగా మిగిలిన 7,200 ఎస్‌జీఎస్టీకి వాడుకుని 3,600 క్యాష్ కడతాడు, అప్పుడు ఆ 7,200 కేంద్రం ఐజీఎస్టీ ఖాతాలోంచి ఏపీకి బదిలీ చేయాలి. అటు గుజరాత్ వ్యాపారి ఆ పన్నుని తన ఎస్‌జీఎస్టీ క్రెడిట్‌తో కట్టుంటే అంత మేరకు గుజరాతే కేంద్రానికి ఇచ్చుకోవాలి. దయ చూపించి ఇచ్చేది కాదన్నా ఇది, మన రిటర్న్‌ల లెక్క.

అపోహ: చెన్నై భక్తులు రూము తీసుకుంటే పన్ను తమిళనాడుకి పోతుంది.

వాస్తవం: పోదు. లాడ్జి ఎక్కడుంటే పన్ను అక్కడే.

అపోహ: కేంద్ర పన్నుల్లో వాటా ఢిల్లీవాళ్ల ఇష్టం.

వాస్తవం: ఆర్థిక సంఘం చెప్పిన లెక్క ఉంటుంది. 15వ సంఘం 2021-26కి రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం అంది, అందులో ఏపీకి 4.047 శాతం. కాకపోతే సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు, ఆ విషయంలో రాష్ట్రాల గోడు న్యాయమైందే అంటాను.

అపోహ: క్రెడిట్ రాని బిల్లు రిటర్న్‌లో చూపించక్కర్లేదు.

వాస్తవం: నాకు బాగా బాధగా ఉండేది ఇదే, ఎందుకంటే మొదట్లో నేనూ వదిలేసినవాణ్ణే. 5 శాతం పన్ను కట్టే టిఫిన్ హోటల్‌కి క్రెడిట్ లేదు, నిజమే. కానీ కోయంబత్తూరు నుంచి పెద్ద గ్రైండర్ కొన్నప్పుడు కట్టిన ఐజీఎస్టీలో సగం ఏపీది. దాన్ని రిటర్న్ ఫారం 3బీలో 4ఏ గడి కింద చూపించి 4బీ గడిలో రివర్స్ చేస్తేనే (వెనక్కి తీసేస్తేనే) ఆ సగం మన రాష్ట్రం లెక్కలో పడుతుంది, లేదంటే ఐజీఎస్టీ ఖాతాలోనే ఉండిపోతుంది. 2022 జులైలో వచ్చిన 170వ నంబర్ సర్క్యులర్‌లో ఇదంతా విడమరిచి చెప్పారు. కాబట్టి హోటల్ నడిపేవాళ్లు బయటి రాష్ట్రం బిల్లులు "క్రెడిట్ రాదులే" అని డ్రాయర్లో పెట్టేయకుండా నెలనెలా మీ అకౌంటెంట్‌కి పంపండి.