పండ్ల సోర్ ఏల్ రుచి చూడటం: అపోహలు - వాస్తవాలు

అపోహ: పుల్లగా ఉందంటే బీరు పాడైనట్టే.

వాస్తవం: సోర్ ఏల్ అంటేనే పుల్లని బీరు, ఆ పులుపు కావాలని తెచ్చిందే. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియాను మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసంలో కలిపి, 35-45 డిగ్రీల వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచుతారు. తర్వాత మరిగించి, చల్లార్చి ఈస్ట్ వేస్తారు. మామూలు లాగర్ బీరు పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.2-4.6 ఉంటే, ఇది 3.2-3.6 దాకా దిగుతుంది. పాడైన పులుపు వేరు: ఎండలో మిగిలిపోయిన కల్లులా ముక్కుకు ఘాటుగా తగిలి, గొంతు మండిస్తుంది. అది వెనిగర్ ఆమ్లం. కొన్ని బెల్జియం రకాల్లో అది కొద్దిగా ఉండటం సహజమే. వాంతి వాసన వస్తే మాత్రం గ్లాసు వెనక్కి పంపాల్సిందే.

తేడా పట్టుకోవడం నేర్చుకోవాలంటే మూడు గ్లాసుల్లో 200 మి.లీ. చొప్పున నీళ్లు తీసుకోండి. ఒకదాంట్లో పెరుగు మీద తేరిన నీళ్లు రెండు చెంచాలు, రెండోదాంట్లో అర చెంచా నిమ్మరసం, మూడోదాంట్లో అర చెంచా వెనిగర్ కలిపి, కళ్లు మూసుకుని వాసన చూసి తాగండి.

అపోహ: మామిడి సోర్ మామిడి రసంలా తియ్యగా ఉండాలి.

వాస్తవం: ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. లీటరుకు 150-200 గ్రాముల గుజ్జు వేసినా, అందులోని చక్కెరను ఈస్ట్ దాదాపు మొత్తం తినేస్తుంది. మిగిలేది సువాసన, పులుపు. తీపి లేకపోయేసరికి మనకు మామిడే లేదనిపిస్తుంది. ఒక పరీక్ష చేయండి. 100 మి.లీ. పోసి, గ్లాసు మెల్లగా తిప్పి, ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకోండి. పులుపు ఒక్కటే తెలుస్తుంది. మింగి ముక్కు వదిలి, నోరు మూసుకునే ఊపిరి బయటికి వదలండి. పండు అప్పుడు దొరుకుతుంది. సీజన్‌లో విశాఖ పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన సువర్ణరేఖ మామిడి ముక్క పక్కన పెట్టుకుని పోల్చితే ఇంకా స్పష్టం. జామ, రాస్‌బెర్రీ వాసనలు గట్టిగా నిలుస్తాయి. పుచ్చకాయ, స్ట్రాబెర్రీ చాలా తొందరగా పలచబడతాయి. ఆ రెండూ ఘుమఘుమలాడుతుంటే ఎసెన్స్ కలిపారేమో అడగడం న్యాయమే.

అపోహ: ఎంత చల్లగా ఉంటే అంత బాగుంటుంది.

వాస్తవం: విశాఖ ఉక్కపోతలో అలా అనిపించడం సహజం. కానీ 2-3 డిగ్రీల దగ్గర సువాసన అణిగిపోయి పులుపే పైకి తేలుతుంది. 6-9 డిగ్రీలు సరైనవి. మే నెలలో ఫ్రిజ్ నుంచి తీసి పది నిమిషాలు బల్ల మీద ఉంచితే చాలు. ఫ్రీజర్‌లో మంచు పట్టించిన గ్లాసు వద్దు.

అపోహ: నురుగు నిలవలేదంటే పాత సరుకు.

వాస్తవం: ఈ రకంలో నురుగు త్వరగా పడిపోవడం మామూలే. గ్లాసుకు సబ్బు జిడ్డు మిగిలినా అంతే.

అపోహ: సూపర్ మార్కెట్ ఫ్రూట్ బీర్, ఇదీ ఒకటే.

వాస్తవం: అది సాధారణంగా ఆల్కహాల్ లేని పానీయం. ఇందులో తరచుగా 3-6 శాతం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకే.

అపోహ: ఆర్కే బీచ్ మిరపకాయ బజ్జీ దీనికి మంచి జోడీ.

వాస్తవం: కారం మంటను బీరులోని గ్యాస్ పెంచుతుంది. కారం తగ్గించిన వంజరం వేపుడు చక్కగా కుదురుతుంది, నిమ్మకాయ పిండక్కర్లేదు. రకాలు పోల్చేటప్పుడు మాత్రం తక్కువ పులుపుతో మొదలుపెట్టి, నాలుగు దాటకుండా, మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని బ్రెడ్. తర్వాత నోరు పుక్కిలించి, అరగంట ఆగి పళ్లు తోముకోండి. ఆమ్లానికి మెత్తబడిన ఎనామెల్ వెంటనే తోమితే అరిగిపోతుంది.

అపోహ: క్యాన్ ఎక్కడ పెట్టినా పర్వాలేదు.

వాస్తవం: ఎక్కువ గుజ్జు వేసి, పాశ్చరైజ్ చేయకుండా నింపిన క్యాన్ ఎండలో నిలిపిన కారులో ఉంటే ఈస్ట్ మళ్లీ పని మొదలుపెడుతుంది, గ్యాస్ పెరిగి క్యాన్ పగిలే ప్రమాదం ఉంది. కొన్న దగ్గర్నుంచి ఇంటి దాకా ఐస్ బాక్స్‌లోనే తేవాలి. ఉబ్బిన క్యాన్ కనిపిస్తే తెరవకండి.